బోల్డ్ ఇటాలిక్ స్లాబ్ సెరిఫ్: గీయాల్సిన అక్షరాన్ని వంచి మనకి ఇస్తున్నారు

ఏ ఫోన్ రివ్యూ తీసుకున్నా డిస్‌ప్లే సెక్షన్ ఒకేలా ఉంటుంది. పీక్ బ్రైట్‌నెస్ ఎన్ని నిట్స్, రిఫ్రెష్ రేట్ 120 హెర్ట్జా కాదా, పిక్సెల్ డెన్సిటీ ఎంత, ఎండలో కనిపిస్తుందా లేదా. అన్నీ అవసరమే, కాదనను. కానీ ఆ స్క్రీన్ మీద మనం రోజంతా చూసేది అక్షరాల్ని. వాటి గురించి రివ్యూలో ఒక్క లైన్ ఉండదు.

అందుకే ఈసారి ప్రాసెసర్ గురించి కాకుండా ఒక ఫాంట్ స్టైల్ గురించి మాట్లాడదాం. బోల్డ్ ఇటాలిక్ స్లాబ్ సెరిఫ్. పేరు పెద్దగా ఉంది గానీ మీరు దీన్ని చూసే ఉంటారు. ఈ-బుక్‌లో ఒక మాటని గట్టిగా నొక్కి చెప్పిన చోట, గేమ్ టైటిల్స్‌లో, పాత రేసింగ్ పోస్టర్ల మీద, కోడ్ ఎడిటర్ థీమ్స్‌లో కనిపిస్తుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక ఫాంట్ ఫ్యామిలీని ఎంత శ్రద్ధగా చేశారో తెలియాలంటే ఈ ఒక్క స్టైల్ చూస్తే చాలు. మన యాప్‌లలో చాలా చోట్ల కనిపించేది మాత్రం అసలు బోల్డ్ ఇటాలిక్ కాదు, సాఫ్ట్‌వేర్ అప్పటికప్పుడు వంచి, ఉబ్బించి పెట్టిన నకిలీ.

ముందు స్లాబ్ సెరిఫ్ అంటే ఏంటో చూద్దాం

ఇంగ్లిష్ అక్షరాల చివర్లో ఉండే చిన్న పాదాల్లాంటి గీతల్ని సెరిఫ్ అంటారు. టైమ్స్ న్యూ రోమన్‌లో అవి సన్నగా, మొనతేలి ఉంటాయి. రోబోటో, ఏరియల్ లాంటి వాటిలో అసలు ఉండవు, అందుకే అవి శాన్స్ సెరిఫ్. స్లాబ్ సెరిఫ్‌లో మాత్రం ఆ పాదాలు ఇటుక ముక్కల్లా దిట్టంగా, దాదాపు నిలువు గీత ఎంత లావో అంత లావుగా ఉంటాయి. ఐబీఎం లోగో గుర్తు తెచ్చుకోండి. 1972లో పాల్ రాండ్ ఎనిమిది అడ్డగీతలతో చేసిన ఆ లోగోలో ఉన్నవి స్లాబ్ అక్షరాలే. సోనీ లోగో కూడా ఈ కుటుంబానిదే. పాత టైప్‌రైటర్ అక్షరాల్ని గుర్తుచేసే కొరియర్ కూడా స్లాబే.

అంటే స్లాబ్ సెరిఫ్ స్వభావం నేలమీద గట్టిగా నిలబడటం. ఇటాలిక్ స్వభావం దానికి పూర్తిగా రివర్స్. అది చేతిరాత నుంచి వచ్చింది, కుడివైపుకి వాలుతూ ఒక అక్షరం నుంచి ఇంకో అక్షరంలోకి పారుతుంది. ఇక బోల్డ్‌కి కావాల్సింది బరువు. నిలబడాలి, పరిగెత్తాలి, బరువు మోయాలి. ఈ మూడు పనులూ ఒకే అక్షరానికి అప్పజెప్పడమే బోల్డ్ ఇటాలిక్ స్లాబ్. డిజైనర్‌కి ఇది ఎందుకు తలనొప్పో అర్థమైంది కదా.

మూడూ అరవడానికి పుట్టినవే

చరిత్ర చిన్నగా చెప్తాను, ఎందుకంటే పాయింట్ అక్కడే ఉంది.

ఇటాలిక్ 1501లో వెనిస్‌లో పుట్టింది. ఆల్డస్ మనూషియస్ ప్రెస్ కోసం ఫ్రాంచెస్కో గ్రిఫో ఈ అక్షరాల్ని చెక్కాడు. అప్పట్లో అది ఒక మాటని నొక్కి చెప్పడానికి కాదు, పుస్తకం మొత్తాన్ని అందులోనే అచ్చువేసేవారు. మామూలు అక్షరాల మధ్య ప్రత్యేకంగా కనిపించడానికి వాడటం తర్వాత వచ్చిన అలవాటు.

స్లాబ్ సెరిఫ్ 1810ల్లో లండన్‌లో వచ్చింది. విన్సెంట్ ఫిగ్గిన్స్ తన టైప్ నమూనా పుస్తకంలో 'యాంటీక్' అన్న పేరుతో చూపించాడు. అది పోస్టర్లు, ప్రకటనలు గోడలెక్కుతున్న కాలం. దూరం నుంచి కనపడాలి, పక్క పోస్టర్‌ని మింగేయాలి. అప్పట్లో యూరప్‌లో ఈజిప్ట్ మోజు నడుస్తుండటంతో ఈ అక్షరాలకి 'ఈజిప్షియన్' అన్న పేరు కూడా పడింది.

తర్వాత 1845లో లండన్‌లోనే ఫ్యాన్ స్ట్రీట్ ఫౌండ్రీలో రాబర్ట్ బెస్లీ క్లారెండన్ అనే స్లాబ్‌ని విడుదల చేశాడు. దీని ప్రత్యేకత ఏంటంటే, డిక్షనరీల్లో మామూలు టెక్స్ట్ పక్కన ఒక్క మాట కొట్టొచ్చినట్టు కనపడటానికి వాడే బోల్డ్ ఇది. ఇవాళ మనం 'బి' బటన్ నొక్కి చేసే పనికి తొలి రూపాల్లో ఒకటి.

ఇప్పుడు లెక్క చూడండి. స్లాబ్ కేకేయడానికే పుట్టింది. బోల్డ్ కూడా అంతే. ఇటాలిక్‌ని మనం నొక్కి చెప్పడానికి వాడుకుంటున్నాం. మూడింటినీ కలిపితే ఒకే మాటని మూడుసార్లు నొక్కినట్టు. పేరాగ్రాఫ్ మొత్తం ఇందులో పెడితే పెళ్లి ఇంట్లో మూడు మైకులు ఒకేసారి ఆన్ చేసినట్టే ఉంటుంది. ఒక్క మాటకి పెడితే మాత్రం దానంత పవర్‌ఫుల్ ఇంకోటి లేదు.

14 డిగ్రీల మాయ

అసలు గొడవ ఇక్కడ మొదలవుతుంది. ఆండ్రాయిడ్‌లో ఒక టెక్స్ట్ వ్యూకి బోల్డ్ ఇటాలిక్ స్టైల్ ఇచ్చారనుకోండి. ఆ ఫాంట్‌లో నిజమైన బోల్డ్ ఇటాలిక్ ఫైల్ ఉంటే సిస్టమ్ అదే వాడుతుంది. లేకపోతే? ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. ఉన్న మామూలు అక్షరాన్నే తీసుకుని 'ఫేక్ బోల్డ్' ఆన్ చేసి, 'టెక్స్ట్ స్క్యూ ఎక్స్' విలువ −0.25 పెట్టేస్తుంది. ఫేక్ బోల్డ్ అన్న పేరు నేను పెట్టింది కాదు, ఆండ్రాయిడ్ కోడ్‌లోనే ఆ పేరుంది. 0.25 వాలు అంటే దాదాపు 14 డిగ్రీలు. సీఎస్ఎస్‌లో ఆబ్లిక్ అని రాసి కోణం చెప్పకపోతే స్పెసిఫికేషన్ ప్రకారం తీసుకునేదీ 14 డిగ్రీలే.

'వాలింది కదా, ఇంకేంటి సమస్య?' అని అడగొచ్చు. ఇంటర్ జ్యామెట్రీ చాలు, లెక్క చేసి చూద్దాం.

నిలువు గీతని 14 డిగ్రీలు వాల్చితే దాని అడ్డం వెడల్పు మారదు, కానీ అసలు మందం సుమారు 3 శాతం తగ్గుతుంది. అడ్డంగా ఉన్న స్లాబ్ పాదం మందం మాత్రం అలాగే ఉంటుంది. 3 శాతం పెద్ద విషయం కాదులే అనుకుందాం. ఇప్పుడు పెద్ద 'ఎ' అక్షరం తీసుకోండి, నిచ్చెనలా రెండు కాళ్లు ఉంటాయి కదా. ఒక్కో కాలు నిలువుకి 0.35 వాలులో ఉందనుకుంటే, వంచాక ఎడమ కాలు వాలు 0.60 అవుతుంది, కుడి కాలు వాలు 0.10కి పడిపోతుంది. ఫలితంగా ఎడమ కాలు సుమారు 9 శాతం సన్నబడుతుంది, కుడి కాలు సుమారు 5 శాతం లావెక్కుతుంది. డిజైనర్ జాగ్రత్తగా తూకం వేసి గీసిన అక్షరం కుంటుతూ నడుస్తున్నట్టు తయారవుతుంది.

గుండ్రటి 'ఓ' సంగతి ఇంకా దారుణం. నిమ్మకాయని పక్కకి నొక్కినట్టు ఒక మూల ఉబ్బి, ఒక మూల పీక్కుపోతుంది. పాదాలు ఇటుకల్లా ఉండాల్సింది పోయి, పక్కకి జారిన ఇటుకల్లా అవుతాయి. మామూలు సెరిఫ్‌లో పాదాలు సన్నం కాబట్టి ఈ తేడా కొంత దాగుతుంది. స్లాబ్‌లో దాగదు, ఎందుకంటే అక్కడ పాదమే హీరో.

దీనికి ఫేక్ బోల్డ్ తోడవుతుంది. అది అక్షరం అవుట్‌లైన్‌ని అన్ని వైపులా ఉబ్బిస్తుంది. బయటికి ఎంత ఉబ్బుతుందో లోపలి ఖాళీలోకి కూడా అంతే చొచ్చుకొస్తుంది. చిన్న 'ఇ' లోపలి సందు, చిన్న 'ఎ' పొట్ట, పక్కపక్క పాదాల మధ్య గ్యాప్, అన్నీ మూసుకుపోతాయి. 14 పాయింట్ సైజులో చదివితే ఇంక్ పారిన రబ్బరు స్టాంపులా ఉంటుంది.

నిజంగా గీసిన బోల్డ్ ఇటాలిక్‌లో డిజైనర్ ఏం చేస్తాడంటే, బరువు పెంచేటప్పుడు అక్షరాన్ని కాస్త వెడల్పు చేసి లోపలి ఖాళీ కాపాడతాడు. స్లాబ్ పాదాల్ని కొంచెం పొట్టిగానో పల్చగానో చేస్తాడు. కొన్ని చోట్ల రెండువైపులా ఉండే పాదాన్ని తీసేసి, చేతిరాతలో లాగా బయటికి వెళ్లే ఒక్క తోక ఉంచుతాడు. 'ఓ' వంపులో లావు ఎక్కడ ఉండాలో మళ్లీ గీస్తాడు. ఇది స్లైడర్ జరిపితే వచ్చే పని కాదు, కూర్చుని ఒక్కో అక్షరం గీయాల్సిన పని.

ఇక్కడ ఒక విషయం న్యాయంగా చెప్పాలి. వాలిన స్లాబ్ అంతా నకిలీ అనుకోవద్దు. 1934లో మోనోటైప్ తెచ్చిన రాక్‌వెల్, ఏడ్రియన్ ఫ్రూటిగర్ 1967లో చేసిన సెరిఫా లాంటి వాటిలో ఇటాలిక్ చేతిరాతలా ఉండదు, నిలువు అక్షరమే వాలినట్టు ఉంటుంది. అది డిజైనర్ కావాలని తీసుకున్న నిర్ణయం. తేడా ఏంటంటే, వాల్చిన తర్వాత వచ్చే వంకరల్ని మనిషి కన్నుతో సరిచేశారు. −0.25కి కన్ను లేదు.

కిండిల్ నేర్పిన పాఠం

స్లాబ్‌ని గ్యాడ్జెట్‌లో సరిగ్గా వాడిన ఉదాహరణ కావాలంటే పాత కిండిల్ చూడండి. 2015లో బుకర్లీ వచ్చేదాకా అందులో డిఫాల్ట్ ఫాంట్ పీఎంఎన్ సిసీలియా. డచ్ డిజైనర్ పీటర్ మథియాస్ నూర్డ్‌జై చేసిన స్లాబ్ సెరిఫ్ అది.

ఎందుకు స్లాబ్? మొదటి తరం కిండిల్ స్క్రీన్ 6 అంగుళాలు, 167 పీపీఐ. సన్నటి సెరిఫ్‌లని అన్ని తక్కువ పిక్సెల్స్‌లో చూపిస్తే విరిగిపోతాయి, మసకబారతాయి. స్లాబ్ పాదాలు దిట్టం కాబట్టి నిలబడ్డాయి. సిసీలియాకి ఉన్న ఇంకో గొప్పతనం దాని ఇటాలిక్. అది వంచిన అక్షరం కాదు, విడిగా గీసింది. వాలు తక్కువ, కానీ ఆకారం వేరు. అందుకే ఒక మాట ఇటాలిక్‌లో వస్తే కంటికి తెలుస్తుంది, కానీ వాక్యం ఆగదు.

2015 పేపర్‌వైట్ 300 పీపీఐకి చేరింది. ఇప్పుడు మన చేతిలో ఫోన్లు 400 పీపీఐ దాటాయి. అంటే పిక్సెల్స్ సరిపోక స్లాబ్ వాడాల్సిన అవసరం పోయింది. ఇప్పుడు ఎవరైనా స్లాబ్ వాడితే అది అవసరం కోసం కాదు, క్యారెక్టర్ కోసం. క్యారెక్టర్ కోసమే వాడేటప్పుడు నకిలీ పెడితే ఇక వాడటం ఎందుకు?

రోబోటో స్లాబ్ అనే ఉచ్చు

గూగుల్ 2013లో కీప్ యాప్‌తో పాటు రోబోటో స్లాబ్ తెచ్చింది. క్రిస్టియన్ రాబర్ట్‌సన్ డిజైన్, చూడటానికి బాగుంటుంది, ఫ్రీ. 2018లో కీప్ దాన్ని వదిలి మామూలు రోబోటోకి మారినా, వెబ్‌సైట్లలో, యాప్‌లలో ఇప్పటికీ బాగా తిరుగుతోంది. 2019 అప్‌డేట్‌తో బరువు 100 నుంచి 900 దాకా మార్చుకునే వేరియబుల్ ఫాంట్ అయింది. కానీ ఇటాలిక్ మాత్రం లేదు. మొదటి నుంచీ లేదు.

అంటే రోబోటో స్లాబ్‌లో బోల్డ్ ఇటాలిక్ మీకు ఎక్కడ కనిపించినా, అది గ్యారంటీగా వంచిందే.

నేను పనిచేసిన ఒక ప్రాజెక్ట్‌లో ఇలాంటిదే జరిగింది. డిజైన్ ఫైల్‌లో ఆఫర్ బ్యానర్ మీద స్లాబ్ బోల్డ్ ఇటాలిక్ అద్భుతంగా ఉంది. బిల్డ్‌లో చూస్తే అదే మాట ఉబ్బిన ముఖంతో కనిపిస్తోంది. టెస్టర్ బగ్ వేశాడు, లైన్ హైట్ మార్చారు, కలర్ మార్చారు, ప్యాడింగ్ మార్చారు. చివరికి చూస్తే యాప్ సైజు తగ్గించాలని రెగ్యులర్ ఫైల్ ఒక్కటే ప్యాక్ చేశారట. ఎర్రర్ రాదు కాబట్టి ఎవరికీ తెలియదు. నకిలీ స్టైల్‌తో ఉన్న అసలు ప్రమాదం ఇదే, అది సైలెంట్‌గా ఫెయిల్ అవుతుంది.

'ఒక్కో ఫైల్ ఇంకో కొన్ని పదుల కేబీ పెంచుతుంది బాస్' అనే వాదన నాకు తెలుసు. ఒప్పుకుంటాను కూడా. 4జీ సరిగ్గా అందని ఊళ్లో యాప్ ఓపెన్ చేసేవాళ్లకి ప్రతి కేబీ లెక్కే. అయితే సమాధానం నకిలీ పెట్టడం కాదు, ఆ స్టైల్ వాడకుండా ఉండటం. ఫైల్ లేదా? బోల్డ్‌తో సరిపెట్టండి. సీఎస్ఎస్‌లో ఫాంట్-సింథసిస్ అనే ప్రాపర్టీ ఉంది, దానికి 'నన్' అని ఇస్తే బ్రౌజర్ తన సొంత తెలివి చూపించడం ఆపేస్తుంది. ఒక్క లైన్ పని.

ఫ్రీగా కావాలి, నిజమైన బోల్డ్ ఇటాలిక్ కావాలి అంటే దారులు ఉన్నాయి. 2017లో మొజిల్లా కోసం టైపోథెక్ చేసిన జిల్లా స్లాబ్ ఓపెన్ లైసెన్స్‌లో ఉంది, లైట్ నుంచి బోల్డ్ దాకా ప్రతి బరువుకీ ఇటాలిక్ ఉంది. ఆర్వో అనే ఫాంట్‌లో నాలుగే స్టైల్స్ ఉన్నా అందులో బోల్డ్ ఇటాలిక్ ఒకటి. కోడ్ రాసేవాళ్లకి ఐబీఎం ప్లెక్స్ మోనో ఉంది. పూర్తి స్లాబ్ కాదు గానీ చాలా అక్షరాలకి స్లాబ్ పాదాలు ఉంటాయి. దాని ఇటాలిక్‌కి ప్రేరణ ఐబీఎం సెలెక్ట్రిక్ టైప్‌రైటర్‌లోని ఇటాలిక్ 12. ఎడిటర్ థీమ్‌లో ఒకే ఒక్క రకం టోకెన్‌కి, ఉదాహరణకి ఎర్రర్ ఇచ్చే చోట్లకి, దీని బోల్డ్ ఇటాలిక్ పెట్టి చూడండి. రంగు మార్చకుండానే కన్ను అక్కడికి పోతుంది.

ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు

పెద్ద సైజులో, రెండు మూడు మాటలకి వాడండి. గేమ్ టైటిల్, యూట్యూబ్ థంబ్‌నెయిల్, స్పోర్ట్స్ యాప్‌లో స్కోర్ హెడ్డింగ్, లాంచ్ పోస్టర్. వేగం, బరువు రెండూ కలిపి చెప్పాల్సిన చోట దీనికి సాటి లేదు. శాన్స్ ఇటాలిక్ వేగం చెప్తుంది కానీ తేలిపోతుంది. నిలువు స్లాబ్ బరువు చెప్తుంది కానీ కదలదు.

సెట్టింగ్స్ మెనూలో, బటన్ల మీద, నోటిఫికేషన్లలో, పొడుగాటి పేరాల్లో వద్దు. అక్కడ చదివేవాడికి కావాల్సింది కేక కాదు, సమాధానం. బ్యాంకింగ్ యాప్‌లో హెచ్చరిక మొత్తం బోల్డ్ ఇటాలిక్‌లో పెడితే జనం చదవరు, దాటేస్తారు. హెచ్చరికని చదివించాలంటే దాంట్లో ఒక్క మాటని ఎత్తి చూపాలి.

మరి తెలుగు సంగతి?

ఇది మనకి ఇంకా దగ్గరి సమస్య. తెలుగు లిపికి ఇటాలిక్ సంప్రదాయం లేదు. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న మన ఫాంట్లు చూడండి. రామభద్ర, మల్లన్న, మండలి లాంటివి ఒకే బరువులో వస్తాయి. అనేక్ తెలుగులో బరువు, వెడల్పు రెండూ మార్చుకోవచ్చు, కానీ ఇటాలిక్ ఉండదు. అది లోపం కాదు, మన అక్షరం తీరే అది.

కానీ కోడ్‌కి ఇవేవీ తెలియవు. ఇంగ్లిష్ వెర్షన్‌లో ఇటాలిక్ ట్యాగ్ ఉంటే తెలుగు వెర్షన్‌లో కూడా అదే ట్యాగ్, అదే −0.25. బేస్‌లైన్ దగ్గర పట్టుకుని వంచుతారు కాబట్టి పైన ఉన్నవి కుడికి, కింద ఉన్నవి ఎడమకి జరుగుతాయి. 1000 యూనిట్ల ఫాంట్‌లో 700 ఎత్తున ఉన్న గుడి 175 యూనిట్లు కుడికి పోతుంది, 300 కిందున్న వత్తు 75 యూనిట్లు ఎడమకి పోతుంది. రెండింటి మధ్య 250 యూనిట్ల ఎడం, అంటే అక్షరం సైజులో పావు వంతు. 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి మాటల్లో వత్తు ఎవరి కింద ఉందో వెతుక్కోవాలి. దానిమీద ఫేక్ బోల్డ్ కూడా పడితే లోపలి చుట్టలన్నీ పూడిపోతాయి.

ఇంకో మాట. నొక్కి చెప్పడానికి ఇంగ్లిష్‌కి ఇటాలిక్ కావాలి, తెలుగుకి ఒక్క దీర్ఘం చాలు. 'వాడు చేశాడు' అంటే సమాచారం. 'వాడే చేశాడు' అంటే వేలు పెట్టి చూపించినట్టు. ఇప్పుడే, అదే, నువ్వే. ఇంగ్లిష్‌లో ఫాంట్ చేసే పనిని మన భాష చాలాసార్లు మాటలోనే చేసేస్తుంది. అయినా కూడా ప్రత్యేకంగా చూపించాలంటే బరువు పెంచండి, రంగు మార్చండి, కోట్స్ పెట్టండి. మన పత్రికలకి ఇవి ఎప్పటినుంచో ఉన్న అలవాట్లే. యాప్ లోకలైజేషన్ చేసేవాళ్లు తెలుగుకి ఇటాలిక్ ఆఫ్ చేసి బోల్డ్ ఆన్ చేయడానికి రెండు లైన్ల కోడ్ చాలు.

ఇంట్లోనే చేసుకునే టెస్ట్

ఈసారి ఈ-రీడర్ కొన్నా, రీడింగ్ యాప్ వేసుకున్నా ఇలా చెక్ చేయండి. స్లాబ్ ఫాంట్ ఎంచుకుని ఒక బోల్డ్ ఇటాలిక్ మాట దగ్గర జూమ్ చేయండి. చిన్న 'ఎ' ఆకారం మామూలు అక్షరం కంటే మారిందా? 'ఎఫ్' తోక కిందికి దిగిందా? అయితే అది విడిగా గీసిందే. మారకపోతే పెద్ద 'ఎ' కాళ్లు చూడండి. ఒకటి సన్నం, ఒకటి లావు అయి, 'ఓ' పిసికినట్టుంటే అది వంచిందే. థీమ్ స్టోర్ నుంచి ఒకే ఫైల్‌గా వచ్చే ఫాంట్లని కూడా ఇలాగే చూడండి. బోల్డ్ ఫైల్, ఇటాలిక్ ఫైల్ రెండూ లేకుండా వచ్చినవాటిలో ఆ రెండూ నకిలీవే అవుతాయి.

రివ్యూలు రాసేవాళ్లకి, నాతో సహా, నా డిమాండ్ ఒక్కటే. కెమెరా శాంపిల్ పెట్టినట్టు టెక్స్ట్ శాంపిల్ కూడా పెడదాం. ఒక ఇంగ్లిష్ బోల్డ్ ఇటాలిక్ మాట, ఒక తెలుగు వత్తుల మాట, రెండు క్లోజప్‌లు. లక్ష రూపాయల ఫోన్‌లో, 400 పీపీఐ ప్యానెల్ మీద, 'రాష్ట్రం' అన్న మాటకి వత్తు పక్కకి జారిపోయి కనిపిస్తే అది కొనేవాడికి తెలియాలి. నిట్స్ ఎండలోకి వెళ్లినప్పుడే పనికొస్తాయి, అక్షరం మాత్రం స్క్రీన్ వెలిగిన ప్రతిసారీ కావాలి.